పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేసుకునేవారికి: గ్రాఫిక్స్ పద్దు కింద చిక్కుకున్న మెమరీ లెక్క

కొన్ని నెలలుగా మా సంఘానికి ఒకే రకం ప్రశ్న నాలుగు దిక్కుల నుంచి వస్తోంది. "ఇంట్లో పాత ల్యాప్‌టాప్ ఉంది, విండోస్ 11 ఎక్కదంటున్నారు, పారేయాలా?" అని. బళ్ళారి నుంచి ఒకరు, సోలాపూర్ నుంచి ఇద్దరు, బరంపురం నుంచి ఒక రిటైర్డు మాస్టారు అడిగారు. పారేయనక్కర లేదు, లినక్స్ వేసుకోవచ్చు అని అందరికీ జవాబు రాశాం. వేసుకున్నవారిలో కొందరు మళ్ళీ రాశారు. "వేశాం, బాగానే ఉంది. కానీ నాలుగు జీబీ ఉండాల్సిన మెమరీ మూడున్నర కంటే తక్కువ చూపిస్తోంది. మిగతాది ఎవరు తిన్నట్టు?" అని.

ఆ తప్పిపోయిన అర జీబీ సంగతి చెప్పడానికే ఈ వ్యాసం. దాన్ని వెనక్కి తెచ్చుకోబోయి మేము చేసిన రెండు తప్పులు కూడా దాచకుండా రాస్తున్నాం. వాటిలో రెండోది తలుచుకుంటే ఇప్పటికీ చెమటలు పడతాయి.

ముందు మా సంగతి. మాది హోసూరు. 2006లో తమిళనాడు ప్రభుత్వం తెచ్చిన తమిళ అభ్యసన చట్టం ప్రకారం ఒకటో తరగతి నుంచి మొదలై ఏడాదికో తరగతి చొప్పున తమిళం మొదటి భాషగా తప్పనిసరి అయింది. తమిళం నేర్చుకోవడం మంచిదే, మా పిల్లలు చక్కగా నేర్చుకున్నారు కూడా. అయితే ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలకు తెలుగు అక్షరం బడి బయటి పని అయిపోయింది. అందుకే ఆదివారం పొద్దున సంఘం హాల్లో తరగతి పెట్టుకున్నాం. పలకతో మొదలుపెట్టాం. రెండేళ్ళకు పిల్లలే అడిగారు, ఫోనులో తమిళం, ఇంగ్లీషు టైపు చేస్తాం కదా, తెలుగు ఎట్లా చేయాలి అని.

సభ్యులను అడిగితే ఏడు ల్యాప్‌టాప్‌లు వచ్చాయి. రెండు, 2011లో మొదలైన తమిళనాడు ప్రభుత్వ ఉచిత ల్యాప్‌టాప్ పథకంలో ప్లస్ టూ పిల్లలకు వచ్చినవి. ఆ పథకంలో కొన్ని విడతలకు విండోస్‌తో పాటు సీ-డాక్ వారి బాస్ లినక్స్ కూడా వేసి ఇచ్చారు, కాబట్టి లినక్స్ అన్న మాట మా ఊరి ఇళ్ళకు మరీ కొత్తదేమీ కాదు. మిగతా అయిదూ బెంగళూరులో ఉద్యోగాలు చేసే పిల్లలు కొత్తవి కొనుక్కుని పాతవి ఇంట్లో వదిలేసినవి. వాటిలో నాలుగింట్లో విండోస్ 10 ఉండేది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు భద్రతా సవరణలు ఆగిపోయాయి. పేరు నమోదు చేసుకున్నవారికి ఏడాది పొడిగింపు ఇచ్చారు, అదీ 2026 అక్టోబరు 13 దాకానే. విండోస్ 11కు కావలసిన టీపీఎం 2.0, కొత్త తరం ప్రాసెసరు వీటిలో లేవు. అందుకని లినక్స్ మింట్‌లో తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం వేయడం మొదలుపెట్టాం. దాని తయారీదారులు కనీసం 2 జీబీ మెమరీ ఉండాలని, హాయిగా వాడాలంటే 4 జీబీ కావాలని చెబుతారు.

నాలుగు జీబీ ఉంది కదా అని ధైర్యంగా కూర్చున్నాం. పిల్లలు ఒక పక్క టైపింగు పేజీ, ఒక పక్క తెలుగు వికీపీడియా తెరిస్తే చాలు, మిషను బిగుసుకుపోయేది. మౌసు బాణం కదలదు. "తాతా, ఇది మళ్ళీ నిద్రపోతా ఉంది" అని ఒక పాప అరిచేది. అయిదు నిమిషాలు ఆగితే లేచేది. రెండున్నర గంటల తరగతిలో అరగంట ఈ నిద్రలకే పోయేది.

తప్పిపోయిన మెమరీ ఎక్కడుంది

మా సభ్యుల్లో ఒకరి మనవడు బెంగళూరులో ఇంజనీరింగు చదువుతున్నాడు. ఒక ఆదివారం వచ్చి టెర్మినల్ తెరిచి, ఇంగ్లీషులో ఫ్రీ అని చిన్న అక్షరాలతో కొట్టి, ఒక ఖాళీ వదిలి, అడ్డగీత పెట్టి, ఎమ్ అని కొట్టాడు. ఒక చిన్న పట్టిక వచ్చింది. టోటల్ కింద 3420 అని ఉంది. పక్క ల్యాప్‌టాప్‌లో అదే చేస్తే 2915. రెండింటి అడుగున అంటించిన చీటీలో మాత్రం 4 జీబీ, అంటే 4096 ఎంబీ.

"తాతా, చూశారా, దీంట్లో ఒక జీబీ మీ లెక్కలోకే రాలేదు" అన్నాడు.

మేము ముప్పై ఏళ్ళు లెడ్జర్లతో బతికినవాళ్ళం. లెక్కలోకి రాని నిల్వ అంటే మాకు నిద్ర పట్టదు. వివరం అడిగాం. అతను చెప్పినదాన్ని మా భాషలో చెబుతాం.

ఖరీదైన కంప్యూటర్లలో బొమ్మలు చూపించే గ్రాఫిక్స్ కార్డుకు దాని సొంత మెమరీ వేరుగా ఉంటుంది. మామూలు ల్యాప్‌టాప్‌లలో గ్రాఫిక్స్ భాగం ప్రాసెసరులోనే కలిసి ఉంటుంది, దానికి సొంత మెమరీ ఉండదు. కంప్యూటరు మెమరీలోంచే కొంత తీసుకోవాలి. స్విచ్ నొక్కగానే, విండోస్ గానీ లినక్స్ గానీ ఇంకా నిద్ర లేవకముందే, ల్యాప్‌టాప్‌లో ముందుగా పని మొదలుపెట్టేది ఫర్మ్‌వేర్. జనం వాడుకలో బయోస్. తెర మీద కంపెనీ గుర్తు కనపడాలన్నా మెమరీ కావాలి కదా. అందుకని బయోస్ కొంత మెమరీని గ్రాఫిక్స్ పేరున విడదీసి పక్కన పెడుతుంది. తర్వాత లేచిన లినక్స్‌కు "మిగిలినదే నీది" అని అప్పగిస్తుంది. ఆ విడదీసిన భాగం ఖాళీగా ఉన్నా సరే, బ్రౌజరుకు గానీ టైపింగుకు గానీ ఒక్క బైటు కూడా అందదు.

ప్రభుత్వ ఆఫీసుల్లో పనిచేసినవారికి ఇది చప్పున అర్థమవుతుంది. ఒక పద్దు కింద కేటాయించిన సొమ్ము ఇంకో పద్దుకు వాడరాదు. స్టేషనరీకి డబ్బు లేక గుమాస్తాలు సొంత పెన్నులు తెచ్చుకుంటుంటే, పక్క పద్దులో నిధులు మార్చి నెలాఖరుకు మురిగిపోతుంటాయి. ల్యాప్‌టాప్‌లో జరుగుతున్నదీ సరిగ్గా అదే.

మరి ఎంత కేటాయించాలి? కాగితం మీద లెక్క వేసుకుందాం. మా ల్యాప్‌టాప్‌ల తెర అడ్డంగా 1366, నిలువుగా 768 చుక్కలు. గుణిస్తే 10,49,088 చుక్కలు. ఒక్కో చుక్క రంగు రాసుకోవడానికి 4 బైట్లు. మొత్తం 41,96,352 బైట్లు, అంటే సుమారు 4 ఎంబీ. అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుండే ఫుల్ హెచ్‌డీ తెర అయినా 8 ఎంబీ దాటదు. ఇలాంటి ప్రతులు రెండు మూడు ఉంచుకున్నా పాతిక ఎంబీ లోపే. మా దాంట్లో పక్కన పెట్టింది 1024 ఎంబీ!

వీడియో చూసినప్పుడు, బొమ్మలు ఎక్కువున్న పేజీలు తెరిచినప్పుడు గ్రాఫిక్స్‌కు ఇంకా ఎక్కువే కావాలి, నిజమే. కానీ ఆ అదనం కోసం ముందే పక్కన పెట్టనక్కర లేదు. లినక్స్‌లో గ్రాఫిక్స్ నడిపే డ్రైవరు అవసరమైనప్పుడు మామూలు మెమరీలోంచి తీసుకుని, పని అయ్యాక తిరిగి జమ చేస్తుంది. చేబదులు లాంటిదన్నమాట. విండోస్ కూడా ఇలాగే చేస్తుంది.

ఇంత చిన్న మొత్తానికి మిషను ఎందుకు బిగుసుకుపోతుంది అని అడగవచ్చు. మా వాటిలో మింట్ లేచి కూర్చోవడానికే 800 ఎంబీ దాకా తీసుకుంటుంది. పైన బ్రౌజరు, ఒక్కో పేజీకి వంద నుంచి మూడు నాలుగు వందల ఎంబీ. మెమరీ నిండితే పొంగిన భాగాన్ని హార్డ్ డిస్కులో స్వాప్ అనే చోట పెడుతుంది. పాత తిరిగే డిస్కు మెమరీతో పోలిస్తే ఎన్నో వందల రెట్లు నెమ్మది. ఆ పాప చెప్పిన నిద్ర అదే. నిండిపోవడానికి కాస్త ఇవతల ఉంటే చకచకా నడిచే మిషను, కాస్త అవతలకు పోతే ఆగిపోతుంది. ఆ "కాస్త" మా దగ్గర 400, 700 ఎంబీల దగ్గర తేలింది.

బయోస్‌లో ఎక్కడ మార్చాలి

విండోస్‌లోనే ఉన్నవారు ముందు అక్కడే చూసుకోవచ్చు. టాస్క్ మేనేజరులో పెర్ఫార్మెన్స్, అందులో మెమరీ నొక్కితే కింద హార్డ్‌వేర్ రిజర్వ్‌డ్ అని ఒక అంకె ఉంటుంది. అది వంద లోపు ఉంటే ఈ వ్యాసం మీకు పనికిరాదు, హాయిగా వదిలేయండి. మెమరీ 8 జీబీ, అంతకు మించి ఉన్నవారికీ దీనితో పెద్ద లాభం లేదు. నాలుగు జీబీ ఉండి, రిజర్వ్‌డ్ అయిదారు వందలో, వెయ్యికి పైనో ఉంటే మాత్రం చదవండి.

బయోస్‌లోకి వెళ్ళాలంటే ల్యాప్‌టాప్ పూర్తిగా ఆపి, ఆన్ చేయగానే ఒక మీటను ఆపకుండా తడుతూ ఉండాలి. డెల్, ఏసర్, ఆసుస్‌లలో ఎక్కువగా ఎఫ్2. హెచ్‌పీలో ఎఫ్10. లెనోవోలో ఎఫ్1 లేదా ఎఫ్2, కొన్నింటికి పక్కన సూదితో నొక్కే చిన్న బొత్తాం ఉంటుంది. లోపలికి వెళ్ళాక మొదటి పని, ఏదీ మార్చకుండా ప్రతి పేజీకీ ఫోనుతో ఫోటో తీసుకోవడం. మేము ఇప్పుడు దీన్ని నియమంగా పెట్టుకున్నాం. ఫోటో లేని ల్యాప్‌టాప్‌లో చెయ్యి పెట్టం.

వెతకాల్సిన పేరు కంపెనీని బట్టి మారుతుంది. ఏఎండీ చిప్పులున్నవాటిలో యూఎంఏ ఫ్రేమ్ బఫర్ సైజ్ అని ఉంటుంది. ఇంటెల్ వాటిలో డీవీఎంటీ ప్రీ-అలొకేటెడ్. కొన్నింట్లో సూటిగా వీడియో మెమరీ సైజ్ అనో, గ్రాఫిక్స్ మెమరీ అనో ఉంటుంది. అడ్వాన్స్‌డ్, కాన్ఫిగ్, డిస్‌ప్లే పేజీల్లో చూడండి. ఇంటెల్ వాటిలో డీవీఎంటీ టోటల్ అని ఇంకోటి కనపడవచ్చు. అది చేబదులు గరిష్ఠ పరిమితి మాత్రమే, ముందే పక్కన పెట్టేది కాదు, దాన్ని ముట్టుకోనక్కర లేదు.

ఎంతకు మార్చాలి అన్నచోట ఇంటెల్‌కు, ఏఎండీకి తేడా ఉంది. ఇంటెల్‌లో లినక్స్ వాడేవారికి 32 గానీ 64 గానీ చాలు. సాధారణంగా కంపెనీవారే అంత పెట్టి ఉంటారు, కాబట్టి అక్కడ లాగేందుకు పెద్దగా ఏమీ ఉండదు. ఏఎండీలోనే 512, 1024 వంటి పెద్ద కేటాయింపులు కనపడతాయి. అయితే ఏఎండీలో మరీ అడుగుకు దించకండి. పాత ఏఎండీ చిప్పుల్లో తెర మీద కనిపించే బొమ్మ ఆ పక్కన పెట్టిన భాగంలోనే ఉండి తీరాలి. మరీ తగ్గిస్తే, బయట ఇంకో మానిటరో ప్రొజెక్టరో తగిలించినప్పుడు ఇబ్బంది పెడుతుంది. మేము ఒకదాన్ని 512 నుంచి 128కి, ఇంకోదాన్ని 1024 నుంచి 256కి దించాం. రెండోదాన్నే హాల్లో ప్రొజెక్టరుకు తగిలిస్తాం కాబట్టి దానికి కొంచెం ఎక్కువ వదిలాం.

సేవ్ చేసి బయటికి వస్తే చాలు. లినక్స్ మళ్ళీ వేయనక్కర లేదు, అదే గమనించుకుంటుంది. మళ్ళీ ఫ్రీ ఆదేశం ఇచ్చి చూశాం. 3420 ఉన్నది 3804 అయింది. 2915 ఉన్నది 3683 అయింది. తేడాలు 384, 768. అణా పైసలతో సహా లెక్క సరిపోయింది. గుమాస్తా ఆనందం గుమాస్తాకే తెలుస్తుంది, మన్నించండి.

ఆ ఆదివారం టైపింగు పేజీ, వికీపీడియా రెండూ తెరిచి ఉంచి తరగతి మొత్తం నడిపాం. మిషను ఒక్కసారి కూడా నిద్రపోలేదని చెప్పం, రెండుసార్లు పోయింది. అంతకుముందు లెక్క పెట్టడం మానేశాం.

మొదటి తప్పు: దాచిన మెనూ వెంట పడటం

ఇక్కడితో ఆగి ఉంటే బాగుండేది. రెండు మిషన్లు బాగుపడేసరికి మిగతావాటి మీద మనసు పోయింది. ఒక ఇంటెల్ ల్యాప్‌టాప్ బయోస్‌లో గ్రాఫిక్స్ మెమరీ అన్న మాటే కనపడలేదు. చాలా కంపెనీలు ఇంటి వాడకపు ల్యాప్‌టాప్‌లలో ఈ సెట్టింగును దాచేస్తాయి. కనపడదు గానీ లోపల ఉంటుంది. పెన్‌డ్రైవ్ నుంచి ఒక చిన్న షెల్ నడిపి, ఆ దాచిన సెట్టింగు ఉన్న స్థానం అంకె ఇచ్చి, నేరుగా విలువ మార్చే పద్ధతి ఒకటి ఉంది. అదే మోడలు ల్యాప్‌టాప్‌కు ఎవరో వాడిన స్థానం అంకె మా చేతికి దొరికింది.

మనవడు వద్దన్నాడు. "తాతా, బయోస్ వర్షను మారితే ఆ స్థానం మారిపోతుంది, అక్కడ ఇంకేదో సెట్టింగు ఉండొచ్చు" అని స్పష్టంగా చెప్పాడు. అతను బెంగళూరు బస్సెక్కాక మేము, కమిటీలోని ఇంకో పెద్దమనిషి కలిసి ఆ పని చేశాం. తిరిగి ఆన్ చేస్తే ఫ్యాను తిరుగుతోంది, దీపం వెలుగుతోంది, తెర మాత్రం నల్లగా ఉంది.

బ్యాటరీ తీశాం. లోపలి బిళ్ళ బ్యాటరీ కూడా తీసి రాత్రంతా ఉంచాం. పాత కంప్యూటర్లలో అలా చేస్తే బయోస్ మొదటికి వచ్చేది. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో ఇలాంటి సెట్టింగులు చాలావరకు బయోస్ ఉండే ఫ్లాష్ చిప్పులోనే రాసి ఉంటాయి, కరెంటు తీసినంత మాత్రాన చెరిగిపోవు. చివరికి బెంగళూరు ఎస్పీ రోడ్డుకు తీసుకుపోయాం. అక్కడ ఒక కుర్రవాడు మదర్‌బోర్డు మీద ఎనిమిది కాళ్ళున్న చిన్న చిప్పుకు క్లిప్పు తగిలించి, తన కంప్యూటరు నుంచి బయోస్ మళ్ళీ రాశాడు. పని ముప్పావు గంట. రానూపోనూ ఒక రోజు, కొంత సంఘం డబ్బు. ఆ డబ్బు మేమిద్దరం సొంత జేబులోంచి కట్టి, రసీదు ఫైలులో పెట్టాం.

ఇంతా చేసి, అది మేము అనుకున్నట్టే జరిగి ఉంటే మిగిలేదెంత? ఆ ఇంటెల్ మిషను పక్కన పెట్టింది 64 ఎంబీ. 32కి దించాలని మా ఆలోచన. ముప్పై రెండు ఎంబీ కోసం.

కనపడే మెనూలో లేకపోతే అక్కడితో వదిలేయండి. ఆపిల్ వారి మాక్‌ఓఎస్‌ను మామూలు ఇంటెల్ ల్యాప్‌టాప్‌లో ఎక్కించాలని సరదాపడే కుర్రవాళ్ళు ఈ దాచిన సెట్టింగు వెంట ఎక్కువగా పడతారు. ఆ వ్యవస్థకు ఇంటెల్ చిప్పుల్లో చాలావాటికి తగినంత మెమరీ ముందే పక్కన పెట్టి ఉండాలి, లేకపోతే మధ్యలోనే ఆగిపోతుంది. పైగా ఆపిల్ లైసెన్సు తమ సొంత కంప్యూటర్లలోనే దాన్ని వాడాలంటుంది. మీ ఇంట్లో కుర్రవాడు ఆ ప్రయత్నంలో ఉంటే, కనీసం ఇంట్లో లెక్కలు, ఫోటోలు ఉన్న ల్యాప్‌టాప్ మీద మాత్రం చేయనివ్వకండి.

రెండో తప్పు: 48 అంకెలు

మా సంఘం వ్యవస్థాపకుల్లో ఒక పెద్దాయన రెండేళ్ళ కిందట పోయారు. ఆయన చేసిన పని ఒకటుంది. హోసూరు చుట్టుపక్కల తెలుగు కుటుంబాల ఇంటిపేర్లు, ఎవరు ఏ ఊరి నుంచి ఏ తరంలో వచ్చారు, ఎవరికి ఎవరు వియ్యం అందుకున్నారు అన్నది పెళ్ళి శుభలేఖలు, పాత దస్తావేజులు, ముసలివాళ్ళ మాటలు కలిపి ఒక పట్టికగా టైపు చేశారు. ఏళ్ళ తరబడి చేశారు. ఆయన భార్య, మేము వదినగారని పిలుస్తాం, ఆ ల్యాప్‌టాప్‌ను పిల్లల తరగతికి ఇస్తూ, "మీ అన్నగారి పట్టిక అందులోనే ఉంది, తీసి పెట్టుకోండి" అన్నారు. సరే అన్నాం. తీసి పెట్టుకోవడం తర్వాత చేద్దాంలే అనుకున్నాం.

గ్రాఫిక్స్ మెమరీ చూద్దామని దాని బయోస్‌లోకి వెళ్ళాం. పనిలో పని, పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ లేవాలంటే సెక్యూర్ బూట్ ఆపాలని ఎక్కడో విన్నది గుర్తొచ్చి దాన్ని ఆపాం. అక్కడే ఉన్న భద్రతా చిప్పును క్లియర్ చేసే వరుస కూడా నొక్కాం. నిర్ధారించమని అడిగితే అవునన్నాం. తర్వాత మామూలుగా విండోస్ తెరవబోతే నీలం తెర వచ్చింది. బిట్‌లాకర్ రికవరీ కీ ఇవ్వమంది. ఆరేసి అంకెలు ఎనిమిది గుంపులు, మొత్తం 48.

జరిగిందేమిటంటే, చాలా ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లోపలికి వెళ్ళినప్పుడు డిస్కు దానంతటదే తాళం పడిపోతుంది. దొంగ ఎత్తుకుపోయినా లోపలివి చదవలేకుండా ఉండాలని. యజమానికి ఆ సంగతి తెలియకపోవచ్చు కూడా. తాళంచెవి ఆ భద్రతా చిప్పులో ఉంటుంది. బయోస్‌లో ముఖ్యమైన సెట్టింగు మారితే చిప్పు అనుమానపడి తాళంచెవి ఇవ్వదు. సెక్యూర్ బూట్ ఒక్కటే ఆపి ఉంటే, దాన్ని తిరిగి పెట్టగానే తెరుచుకునే అవకాశం ఉండేది. మేము చిప్పునే తుడిచేశాం. ఇక ఆ 48 అంకెలు తప్ప దారి లేదు. పైగా మింట్ లాంటి లినక్స్‌లు సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉండగానే లేస్తాయి. అసలు దాని జోలికి పోవలసిన పనే లేదు.

వదినగారికి చెప్పడానికి మాకు రెండు రోజులు పట్టింది. ఆమె ఒక్క మాట కూడా అనలేదు. "ఆ కంప్యూటరు చిన్నోడు తెచ్చిచ్చినాడు, వాణ్ణి అడుగుదాం" అన్నారంతే. చిన్నబ్బాయి మస్కట్‌లో ఉంటాడు. నాన్న పేరుతో ఖాతా తెరిచింది తనేనని, పాస్‌వర్డ్ గుర్తులేదని, ఓటీపీ నాన్న పాత నంబరుకు వెళుతుందని చెప్పాడు. ఆ సిమ్ము ఇంట్లో బట్టల బీరువాలో, పాత ఫోనుతో సహా దొరికింది. రీచార్జి లేక మూగపోలేదు, అది మా అదృష్టం. ఓటీపీ వచ్చింది, ఖాతా తెరుచుకుంది, డివైస్‌ల పేజీలో రికవరీ కీ ఉంది. అబ్బాయి ఫోనులో ఆరేసి అంకెలు చదువుతుంటే మేము ఒక్కో గుంపు రెండుసార్లు సరిచూసుకుని కొట్టాం. పదకొండో రోజు పట్టిక తెరుచుకుంది.

కాబట్టి ఎవరైనా సరే బయోస్‌లోకి వెళ్ళేముందు, ఎంత చిన్న మార్పు కోసమైనా, లోపలున్న ఫైళ్ళు బయటి డిస్కులోకి తీసుకోండి. విండోస్ సెట్టింగ్స్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ గానీ బిట్‌లాకర్ గానీ ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే ఆ 48 అంకెలు కాగితం మీద రాసుకోండి. అదే ల్యాప్‌టాప్‌లో దాచుకుంటే బీరువా తాళంచెవి బీరువాలో పెట్టినట్టే. చనిపోయినవారి ల్యాప్‌టాప్ అయితే వారి ఫోను నంబరు ఇంకా పనిచేస్తోందేమో కూడా చూడండి. నంబరు రద్దు చేయించే తొందరలో చాలామంది ఈ సంగతి మరచిపోతారు.

ఇంకా కొన్ని సంగతులు

మెమరీ చోటు ఖాళీగా ఉంటే ఇంకో 4 జీబీ కడ్డీ వేయించుకోవడం ఈ సెట్టింగుల కంటే మేలు. వెనక మూత విప్పి చూస్తే తెలుస్తుంది. రెండు కడ్డీలు జంటగా పనిచేస్తే గ్రాఫిక్స్‌కు డేటా అందే వేగం కూడా పెరుగుతుంది. ఇలా మెమరీ పంచుకునే చిప్పులకు ఎంత పక్కన పెట్టారన్నదాని కంటే ఎంత వేగంగా అందుతోందన్నదే ముఖ్యం. పాత తిరిగే డిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ వేయిస్తే ఆ నిద్ర కూడా బాగా తగ్గుతుంది. మేము డబ్బు సమకూరినప్పుడల్లా ఒక్కోదానికి వేయిస్తున్నాం.

ప్రభుత్వ ఉచిత ల్యాప్‌టాప్‌లు రెండింట్లోనూ 2 జీబీయే ఉంది, గ్రాఫిక్స్ పేరున పక్కన పెట్టింది స్వల్పం. వాటిలో లుబుంటు వేసి, బ్రౌజరు జోలికి పోకుండా టైపింగు ఒక్కదానికే వాడుతున్నాం.

తెలుగు టైపింగు విషయానికి, లినక్స్‌లో కీబోర్డు సెట్టింగులకు వెళ్ళి భారతీయ భాషల్లో తెలుగు కలుపుకుంటే ఇన్‌స్క్రిప్ట్ వస్తుంది. అందులోనే తెలుగు కగప అనే అమరిక కూడా ఉంది. కన్నడ గణక పరిషత్తు వారి పద్ధతి మీద వచ్చినది, కర్ణాటకలో కన్నడ టైపు చేయడం వచ్చిన మనవాళ్ళకు చేతికి తొందరగా పడుతుంది. పిల్లలకు మాత్రం ఇన్‌స్క్రిప్టే నేర్పుతున్నాం. ఆ అమరికలో క అక్షరం ఎక్కడుంటుందో తమిళంలోనూ, కన్నడంలోనూ అక్కడే ఉంటుంది, మా పిల్లలకు మూడూ కావాలి.

పెద్దాయన పట్టిక ఇప్పుడు మూడు పెన్‌డ్రైవ్‌లలో ఉంది. ఒకటి వదినగారి దగ్గర, ఒకటి సంఘం బీరువాలో, ఒకటి మస్కట్‌లో. ఆయన ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ మెమరీ ఎంతకు మార్చాలన్న ప్రశ్న మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. అది ఉన్నట్టే నడుస్తోంది.

హోసూరు చుట్టుపక్కలవారు ఆదివారం పొద్దున తరగతి అయ్యాక పన్నెండున్నరకు ల్యాప్‌టాప్ తెచ్చుకుంటే మా వల్ల అయినంత చూసి పెడతాం. చార్జరు తప్పక తెచ్చుకోండి. బ్యాటరీ మీద నడుస్తున్న ల్యాప్‌టాప్ బయోస్‌ను మేము తెరవం.